అటక మీద పర్లేదు దయ్యం

అనగనగా... ఒరేయ్ బుల్లోడా, ఆ కాలు తియ్యి, కథకి కాస్త చోటివ్వు. అనగనగా ఒక ఊళ్ళో చాపలల్లే గవరయ్య, ఆయన పెళ్ళాం నూకాలమ్మ. ఒకరంటే ఒకరికి ప్రాణం. వాళ్ళింటి అటక మీద చీమంత దయ్యం ఒకటుండేది. దాని తిండేమిటో తెలుసా? మనుషులు మింగేసిన మాటలు! ఊ కొట్టండర్రా.

సంతకెళ్తూ గవరయ్య కనకాంబరాలు తెస్తానన్నాడు. ఈవిడ తల దువ్వుకుని కూర్చుంది. ఆయన మర్చిపోయి వచ్చాడు. ఉసూరుమనిపించినా, పైకి మాత్రం పర్లేదులే అంది. అటక మీద దయ్యం గుటుక్కుమని మింగింది. చీమంతది చింతగింజంత అయింది. తీర్థంలో తోలుబొమ్మలాట చూపిస్తానన్నాడు, స్నేహితుడొస్తే వాడితో పోయాడు. పర్లేదులే. గుటుక్కు! చింతగింజంతది చెంబంత. గుత్తివంకాయ వండిపెడితే, బాగుందని ఒక్క ముక్కయినా అనకుండా చెయ్యి కడుక్కున్నాడు. పర్లేదులే. గుటుక్కు! చెంబంతది చాటంత, చాటంతది గాదెంత!

ఇంక అటక పట్టక అది దిగొచ్చి, మొగుడూ పెళ్ళాల మధ్య పక్క మీదే పడుకుంది. కంటికి కనబడదు గానీ, ఈవిడ ఈ గోడకి, ఆయన ఆ గోడకి. పాపం, పూలు తేలేదని కాపురం వదిలేస్తే ఊరు నవ్వదూ? అలాగని ఉండనూ లేకపోయింది. ఓ పొద్దున్న బట్టలు మూటగట్టి పుట్టింటికి బయల్దేరింది.

గవరయ్య బిత్తరపోయి గడపకి అడ్డం నిలబడ్డాడు. ఏమైందే అన్నాడు. పర్లే... అని నోటిదాకా వచ్చింది. ఈసారి మింగలేదు.

"పర్లేదు కాదు, నాకు బాధేసింది" అంది. పూల దగ్గర్నుంచి వంకాయ దాకా అన్నీ ఏకరువు పెట్టింది.

దయ్యం తగ్గింది, కానీ సగమే! మిగతా సగం ఎవరు మేపారర్రా? గవరయ్యే! నా చాప ఎవరెంత మెచ్చుకున్నారో చెబుదామని సంత నుంచి పరిగెత్తుకొస్తే, ఒక్కనాడూ వినలేదే నువ్వు, కాళ్ళు కడుక్కోమనేదానివి, నేనూ పర్లేదులే అని మింగేసేవాణ్ణి అని ఆయనా కళ్ళు తుడుచుకున్నాడు. అయ్యో, నా మతి మండా అనుకుని నూకాలమ్మ మూట దింపి, చాప కబుర్లన్నీ కూర్చుని వింది.

తర్వాత పూలు మర్చిపోలేదా అంటే, మర్చిపోయాడు. ఆ మతిమరుపు ఎక్కడికి పోతుంది? కానీ ఆవిడ ఆ పూటే మూతి ముడిచి అనేసేది, ఆయన నాలిక్కరుచుకుని మర్నాడు తెచ్చేవాడు. దయ్యం మళ్ళీ చీమంతై అటకెక్కింది. చీమంతది ప్రతి ఇంట్లోనూ ఉంటుందర్రా. దాన్ని మేపకుండా ఉంటే చాలు.

ఏమే పెద్దదానా, ఊ కొట్టట్లేదేం? ఇందాక నీకు పెళ్ళి కుదిరిన ఆ కుర్రాడితో ఫోన్లో పర్లేదులే అని పెట్టేసి, దిండులో మొహం దూర్చావు. నేను చూళ్ళేదనుకున్నావా? కథ కంచికెళ్ళింది, వీళ్ళు నిద్రలోకెళ్ళారు. నువ్వు లేచి ఆ అబ్బాయికి మళ్ళీ ఫోన్ చెయ్యి, పో.