అమ్మమ్మ పిలుపు రాని పిల్లలు

అనగనగా అన్నానంటే ఊఁ కొట్టాలి, నిద్రపోకూడదు, సరేనా? ఒక మామిడితోపులో రేకి అనే గోరింక ఉండేది. దానికి ముగ్గురు పిల్లలు. రేకి వాళ్ళమ్మ కొండల్లో పుట్టిన పిట్ట. మాట చివర సాగదీసేది.

"ఏటర్రా, ఇటు రండీ... పురుగులట్టుకొచ్చినానూ..." అని అది మనవల్ని పిలిస్తే తోపులో చిలకలు పకపకా నవ్వేవి.

మొదటిసారి నవ్వినప్పుడు రేకి తల దించుకుంది. రెండోసారి ఏడ్చింది. మూడోసారి తల్లి మీద విరుచుకుపడింది.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను! నా పిల్లల దగ్గర ఆ యాస మాట్లాడకు. వాళ్ళకీ అంటుకుంటే చిలకలు వాళ్ళనీ బతకనివ్వవు."

"మాయమ్మా, మాయమ్మమ్మా ఇలాగే పిలిచినారే. కొండ మీద మనోళ్ళు పిలుపుని బట్టే మనల్ని పోల్చుకుంతారు," అంది ముసలిది.

"కొండకెందుకెళ్తాం? ఇక్కడ పళ్ళకేం తక్కువ?"

అమ్మమ్మ నోరు మూసుకుంది. పాపం, ఆ మూసుకోవడం మూసుకోవడమే! చిలకల పలుకు దానికి రాదు. తన పలుకు మాట్లాడనివ్వరు. పిల్లలు చుట్టూ గెంతుతుంటే చూస్తూ కూర్చునేది. అలాగే వానాకాలంలో కన్నుమూసింది.

తర్వాత ఎండాకాలంలో ఎవరో తోపు నరికేశారు. రేకి పిల్లల్ని తీసుకుని కొండకి పోయింది. అక్కడి గోరింకలకో కట్టుబాటు ఉంది. పరాయి పిట్టలు దూరి గుడ్లు తాగేస్తున్నాయని, పొద్దుగూకే వేళ తమ యాసలో పిలిచినవాళ్ళకే కొమ్మ మీద చోటిస్తాయి.

రేకి నోరు తెరిచింది. ఎన్నాళ్ళు దాచుకుంటేనేం, అమ్మ సాగదీత దానంతటదే గొంతులోంచి వచ్చేసింది.

"నువ్వు మా పిల్లవే, రాయే," అంది పెద్ద గోరింక. "మరి ఈల్లెవులు?" అని పిల్లల వైపు చూసింది.

పిల్లలు ముగ్గురూ పిలిచారు. అచ్చం తోపులో చిలకల్లాగే పిలిచారు.

"ఈల్ల గొంతులో మనోళ్ళు లేరు. రానియ్యం."

"అయ్యో, నా కడుపున పుట్టినవాళ్ళే!" అని రేకి లబోదిబోమంది. ఎవరు వింటారు? పిల్లల్ని వదల్లేక, వాళ్ళతోపాటు కింద ముళ్ళపొదలో ముడుచుకుంది.

చిన్నపిల్ల అడిగింది: "అమ్మా, అమ్మమ్మకి మేమంటే ఇష్టం లేదా? మాతో మాట్లాడ్డం ఎందుకు మానేసింది?"

రేకి బావురుమంది. "చాలా ఇష్టం తల్లీ. నేనే మాట్లాడనివ్వలేదు," అంది.

నీతి: ఎవరో నవ్వారని ఇంటి పెద్దల మాటతీరు పిల్లలకి అందకుండా చేయకూడదు. తర్వాత ఎంత ఏడ్చినా, మనవలతో మాట్లాడడానికి ఆ పెద్దలు తిరిగిరారు.