కేటో కొట్టని గంట

మన ముత్తాతల ముత్తాతలు ఉయ్యాల్లో ఊగే రోజుల్లో, ఏడు సముద్రాలకు అవతల, అమెరికా దేశంలో ఒక ఏటి ఒడ్డున ఎర్రిటుకల కోర్టు ఒకటి ఉండేది. లోపల న్యాయం చెప్పేవారు. బయట మెట్ల మీద మనుషుల్ని వేలం వేసేవారు. చోద్యం కాకపోతే, రెండింటికీ గంట ఒక్కటే!

ఆ గంట కొట్టేవాడు కేటో. అతనూ బానిసే. మొదటి గంటకు జనం చేరాలి. రెండో గంటకు వేలంపాట మొదలు. మూడో గంటకు పాట ఖాయం. పొద్దుగూకేలోగా మూడో గంట మోగకపోతే ఆ అమ్మకం చెల్లదు. అది ఆ ఊరి కట్టుబాటు.

ఏళ్ళ తరబడి కేటో గంట కొట్టాడు. తల్లి ఏడ్చింది, కొట్టాడు. బిడ్డ ఏడ్చింది, కొట్టాడు. ఆలుమగలు కావలించుకుని ఏడ్చారు, కళ్ళు మూసుకుని కొట్టాడు. కొట్టకపోతే వీపు చిట్లుతుంది మరి.

ఒకనాడు కోర్టు మీది గంట గోపురం నుంచి తొంగి చూస్తే, మెట్ల మీద అతని ఒక్కగానొక్క కూతురు హెట్టీ నిలబడి ఉంది. దూరదేశపు పత్తిచేల ఆసామి ఆమెను కొనడానికి వచ్చాడు. సాయంత్రం పడవకు తీసుకుపోతాడట. పోతే ఇక ఈ జన్మకు చూపు లేదు.

కేటో ఒక గంట కొట్టాడు. రెండో గంట కొట్టాడు. ఆపైన తాడూ నిచ్చెనా పైకి లాగేసుకున్నాడు. అంత పొడుగు నిచ్చెన ఊళ్ళో మరొకటి లేదు.

"ఒరేయ్ కేటో, కొట్టరా!" అని కిందనుంచి అరిచాడు వేలం వేయించే కోర్టు అమీనా. గంట మోగలేదు.

"కొట్టు, నీకు విడుదల ఇప్పిస్తా." గంట మోగలేదు.

"దిగావంటే తోలు వలుస్తా!" గంట మోగలేదు.

పొద్దుగూకింది. ఆసామి తిట్టుకుంటూ పడవెక్కి పోయాడు. అప్పుడు కేటో తనంతట తనే దిగొచ్చాడు.

"నాన్నా, నిన్ను చంపేస్తారు," అంటూ హెట్టీ చుట్టేసుకుంది.

"ఎందరి బిడ్డలకో కొట్టాను తల్లీ. నా దాకా వస్తే గానీ ఈ చెయ్యి ఆగలేదు," అని ఘొల్లుమన్నాడు కేటో.

కొరడా దెబ్బలకు మూడోనాడు పోయాడు. మళ్ళీ వేలం రాకముందే హెట్టీని దాచి, ఏరు దాటించి, బానిసత్వం లేని సీమకు చేర్చినవారు ఎవరనుకున్నారు? అతని గంటకు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులే. ఎంత కడుపుకోతో, అంత దయ.

తర్వాత్తర్వాత బానిసత్వం పోయింది. కోర్టు నిలిచే ఉంది. ఇప్పటికీ ఏటా ఒకరోజు అక్కడ గంట రెండుసార్లు కొట్టి, తాడు పట్టుకుని ఊరుకుంటారు. తల్లులు పిల్లల్ని దగ్గరకు తీసుకుని నిలబడతారు.

"మూడోది కొట్టరేం?" అని పిల్లలు అడుగుతారు.

"కేటో కొట్టనన్నాడు. కొట్టడానికి మనమెవరం?" అంటారు పెద్దలు.