ఆవలిగట్టు వైపు అడుగులు

ఆ రాజ్యంలో యుద్ధం అయ్యాక ఎవరేం చేశారని మనుషుల్ని అడగరు. అడుగుల్ని చూస్తారు.

నేల తడి ఆరకముందే జాడలు చదివేవాళ్ళు అక్కడికి వెళతారు. బురదలో చివరగా పడిన పాదాలకు సున్నంతో అచ్చు తీసి, పలకలు చేసి, కోటకు మోసుకొస్తారు. వేళ్ళు కోటవైపు ఉంటే ఆ మనిషి నమ్మకస్తుడు. అతని పలకను చావడిలో సింహాసనం వైపు వేళ్ళుండేలా పరుస్తారు, ఆ మనిషి కుడికాలికి వెండి కడియం తొడుగుతారు. వేళ్ళు శత్రువు వైపు ఉంటే ద్రోహి. అతని పలకను గోడకి ఆనించి పక్కన పెడతారు. చావడి గుమ్మం అరిగిపోయి కొత్తది వేసినప్పుడు ఆ పలకల్ని అందులో పాతుతారు, వచ్చేపోయేవాళ్ళంతా తొక్కడానికి. ఒకసారి గచ్చులో పాతాక పెకలించడమంటూ లేదు.

ముసలి బంటు పలక గోడకి ఆనించినవాటిలో ఉంది.

రేవు యుద్ధంనాటికి అతనికి ఇంకా మీసం సరిగా రాలేదు. ఆవలిగట్టు సైన్యం ఏరు దాటి మీదపడింది. ఈవలివాళ్ళు చెల్లాచెదురై, గట్టెక్కి, కోటవైపు పరుగందుకున్నారు. ఎవడో ఒకడు అడ్డం నిలవకపోతే అందరూ చచ్చేవాళ్ళు. ఈ బంటు నిలిచాడు. ఒకేచోట ఉండిపోతే చుట్టుముడతారని, బల్లెం ముందుకు చాచి, శత్రువు కళ్ళలోకి చూస్తూ, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ గట్టెక్కాడు. ఆ ఇరుకు దారిలో అతన్ని దాటి ఒక్కడూ రాలేకపోయాడు. పైకొచ్చాక తొడలో బాణం దిగి కూలిపోయాడు. అప్పటికి ముందువెళ్ళినవాళ్ళు కోటలో పడి తలుపులేసుకున్నారు. శత్రువులు అతన్నొక్కణ్ణీ పట్టుకుని వెనుదిరిగారు.

మర్నాడు జాడలు చదివేవాళ్ళు వచ్చి చూస్తే అందరి వేళ్ళూ కోటవైపు, ఒక్కడి వేళ్ళు ఏటివైపు. ఇంకేముంది, కలిసిపోయాడన్నారు. గట్టునిండా శత్రువుల చెప్పుల జాడలు కూడా ఉన్నాయి గాని, పరాయివాళ్ళ జాడలు చదవడం తమ కొలువు పని కాదని వాటి జోలికి పోలేదు.

రాజీ కుదిరి శత్రువులు వదిలిపెడితే బంటు కుంటుకుంటూ ఇంటికొచ్చాడు. వచ్చేసరికి పలక తయారుగా ఉంది. నేను వెనక్కి నడిచానంటే నవ్వారు. సాక్షులెవరన్నారు. పారిపోయినవాళ్ళలో ఒక్కడూ తిరిగి చూడలేదు. చూసినవాళ్ళంతా ఆవలిగట్టువాళ్ళు. వాళ్ళ మాట ఈ కోటలో చెల్లదు.

అప్పట్నుంచి అతను విన్నపాలు పెట్టుకుంటూనే ఉన్నాడు. జాడల కొలువువాళ్ళు మంచివాళ్ళే, కసురుకోలేదు. చూద్దామన్నారు. చూస్తూ ఉండగానే అతని జుట్టు నెరిసింది.

అతనికి ఆ కడియం మీద మోజు ఎప్పుడో చచ్చింది. అతని బెంగంతా భార్య గురించి. ద్రోహి ఇంటి ఆడదాన్ని పేరంటానికి పిలవరు. పెళ్ళయిన కొత్తలో, ఏ ఇంట్లో శుభకార్యమైనా ఈ ఇంటిదాకా బొట్టుపెట్టడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆమె గడప దాటేసి పక్కింటికి వెళ్ళేవాళ్ళు. ఆమె తలుపు సందులోంచి చూసేది. ఇప్పుడు తలలు నెరిసినా అలాగే దాటేస్తున్నారు. ఆమె ఒక్కనాడు భర్తని మాట అనలేదు. అని ఉంటే అతనికి కాస్త నిద్రపట్టేది.

ఇప్పుడు చావడికి కొత్త గుమ్మం వేస్తున్నారని తెలిసింది. ఇద్దరూ పొద్దున్నే బయల్దేరి కోటకి వచ్చారు. ఆమె ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది, పాదాలకి పసుపు రాసుకుంది. తిరిగి వెళ్ళేటప్పుడు దారిలో ఎవరైనా పిలుస్తారేమోనని ఆమె ఆశ. ఆ పసుపుకేసి బంటు రెండోసారి చూడలేకపోయాడు.

చావడి గుమ్మం తవ్వి, అందులో పచ్చి గచ్చు పోసి ఉంది. తాపీమేస్త్రి దాని పక్కన గొంతుక్కూర్చుని వేలితో నొక్కి చూసుకుంటున్నాడు. గోడకి ఆనించిన పలకల్ని తుడిచి వరసగా పెట్టుకున్నాడు.

"గచ్చు ఎంతసేపు పచ్చిగా ఉంటుంది బాబూ?" అని బంటు అడిగాడు.

"ఎండ బాగా ఉంది తాతా. లోపలివాళ్ళు తొందరగా తేల్చకపోతే బిగుసుకుపోతుంది."

లోపల పని ముగించుకున్న ఉద్యోగులు ఒక్కరొక్కరే బయటికి వస్తున్నారు. రాజుకి వీపు చూపించడం ఆ కోటలో పెద్ద తప్పు. అందుకని అందరూ చేతులు కట్టుకుని, వంగి, వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాటుతున్నారు. గచ్చులో కాలు పెడతారేమోనని ద్వారపాలకుడు "వెనక గుమ్మం, మెల్లిగా, మెల్లిగా" అని అరుస్తున్నాడు. బయట నిలబడ్డవాళ్ళకి వీపులు తప్ప ఏమీ కనిపించవు. ఏ మనిషి పని అయిందో, ఎవరిది కాలేదో మొహం చూసి తెలుసుకునే దారి లేదు.

"నేనిక్కడే ఉంటానయ్యా. నువ్వెళ్ళు. గొంతు పెద్దది చేయకు," అంది భార్య.

బంటు లోపలికి వెళ్ళాడు. చెమటపట్టిన అరచేతులు పంచెకి తుడుచుకున్నాడు. సింహాసనం మీద రాజు, పక్కన మంత్రి, ఎదురుగా జాడలు చదివే పెద్దాయన. నేల మీద పరిచిన పలకల్లో మొదటి వరసలో మొదటిది రాజుగారిదే, చుట్టూ బంగారు రేకు. రేవు యుద్ధంలో గెలిచి తిరిగొచ్చారన్న లెక్కన. ఆయన కాలికి బంగారు కడియం ఉంది.

"మళ్ళీ అదే విన్నపమా?" అన్నాడు పెద్దాయన.

"అదేనండి. నేను వాళ్ళలో కలవలేదు. వెనక్కి నడిచాను."

"మనిషి వెనక్కెందుకు నడుస్తాడయ్యా? నా కొలువులో వెనక్కి నడిచిన పాదం ఒక్కటీ చూళ్ళేదు."

ఇంతలో రాజు దాహమన్నట్టు చెయ్యి చూపించాడు. చెంబు అందించడానికి పెద్దాయనే లేచాడు. అందించి, చేతులు కట్టుకుని, రాజు మొహంలోకి చూస్తూ, వెనక్కి వెనక్కి నడిచి తన పీట మీద కూర్చున్నాడు. అంతసేపూ బంటు ఆయన పాదాల్నే చూస్తున్నాడు.

"ఇప్పుడు మీరెలా వచ్చారండి?" అన్నాడు.

పెద్దాయన తను నడిచొచ్చిన నేలకేసి చూశాడు. నిన్న మొన్నటి పసివాడు కాదాయన, అర్థమయింది. అర్థమయ్యాక ఒళ్ళంతా చల్లబడింది.

బంటు గుండె ఎగిరి గంతేసింది. ఇన్నాళ్ళకి ఒక్కడు నమ్మాడు. ఇంక ఇద్దరు నమ్మితే చాలు.

ఆ ఇద్దరూ కూడా నమ్మారు. అక్కడే వచ్చింది చిక్కు. మంత్రి మొహం మెల్లమెల్లగా పాలిపోయింది. వీడు వెనక్కి నడిచాడంటే ఎదురుగా శత్రువు తరుముకొస్తున్నట్టు. శత్రువు తరుముకొస్తుంటే వీడి వెనకాల కోటవైపు వేళ్ళున్నవాళ్ళంతా ఏం చేస్తున్నట్టు? మంత్రి ఓరకంట మొదటి వరసలోని మొదటి పలక చూశాడు. రాజు మాత్రం దానివైపు చూడలేదు. ఆయనకి చూడాల్సిన అవసరం లేదు. ఆ రోజు బురదలో ఎలా పరిగెత్తాడో ఆయనకి తెలుసు.

"అయ్యా, గచ్చు ఆరిపోతోంది!" అని గుమ్మం దగ్గర్నుంచి మేస్త్రి కేక వేశాడు.

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "పెద్దవాడివి. నీ బాధ మాకు తెలుసు. ఒక పని చేద్దాం. నీ పలకని కాస్త తిప్పుదాం. వేళ్ళు సింహాసనం వైపు వచ్చేలా. అందరి పక్కనా చావడిలో పరిపిస్తాను. నువ్వు కూడా అందరితోపాటే తిరిగొచ్చావు. కడియం ఇప్పుడే ఇప్పిస్తాను."

"కాని నేను అలా రాలేదు కదండీ."

"వచ్చావా రాలేదా అని ఎవరికి కావాలయ్యా?"

అప్పుడు రాజు మొదటిసారి మాట్లాడాడు. ఆయన గొంతులో కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది. "నీకు కావలసింది నీ పరువే కదా. ఇస్తున్నాం. తీసుకో."

బంటు నోట్లో సరేనన్న మాట తయారుగా ఉంది. అబద్ధమైతే ఏం? రేపు పొద్దున్నే ఎవరో కుంకుమ భరిణె పట్టుకుని తన గడపలోకి వస్తారు. ఆమె తలుపు సందులోంచి కాకుండా తలుపు తీసి చూస్తుంది. దీని కోసం ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పలక తిప్పండని చెయ్యి కూడా ఎత్తాడు.

మేస్త్రి పలక తెచ్చి నేల మీద తిప్పి పెట్టాడు. బంటు వంగి చూశాడు. ఎడమ బొటనవేలు కాస్త వంకర, అవి తన పాదాలే. ఇన్నాళ్ళూ ద్రోహివన్నా ఆ పాదాలు కదలకుండా ఏటివైపు చూస్తూ నిలబడ్డాయి. ఇప్పుడవి పారిపోతున్నాయి. తన కళ్ళముందే, అందరితోపాటు, తన పాదాలు పారిపోతున్నాయి. వాటి వెనక ఆ గట్టు మీద ఎవరూ లేరు. ఖాళీ.

"వద్దు," అన్నాడు. "తిప్పకండి."

"తిప్పకపోతే గుమ్మంలోకి పోతుంది. లోకమంతా తొక్కుతుంది," అన్నాడు మంత్రి.

"తొక్కనివ్వండి. వేళ్ళు మాత్రం అటే ఉండాలి."

రాజు మొహం తిప్పుకున్నాడు. ఇక వెళ్ళమని ద్వారపాలకుడు సైగ చేశాడు. బంటు చేతులు కట్టుకుని వంగాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. వేసి ఆగిపోయాడు. వెనక్కి నడవడమంటే ఏమిటో అతనికి ఒక్కడికే తెలుసు. ఎదురుగా ఉన్నవాడు చంపుతాడని తెలిసి, వెనకున్నవాళ్ళ కోసం అలా నడుస్తారు. ఇక్కడ వెనక ఎవరున్నారు? ఎండలో నిలబడ్డ తన భార్య ఒక్కతి. ఆమెకి వీపు చూపించడానికా ఇంత దూరం వచ్చాడు?

బంటు నిటారుగా నిలబడ్డాడు. రాజుకి వీపు తిప్పాడు.

చావడిలో ఎవరో కెవ్వుమన్నారు. భటుల బల్లేలు కదిలిన చప్పుడయింది. రేవులో బాణాలు ఎదురుగా వచ్చాయి, కనిపించాయి. ఇప్పుడు ఏం వస్తోందో, ఎటునుంచి వస్తోందో తెలియదు. కుంటికాలు లాగుతోంది. గుమ్మం ఎంతకీ దగ్గర కావడం లేదు. పట్టుకోండని ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అనుకుంటూ నడిచాడు. రాజు ఏమీ అనలేదు. ఏమని అంటాడు? వీపు చూపించడం తప్పని ఆయన ఈ మనిషితో ఏ మొహం పెట్టుకుని అంటాడు?

బంటు పచ్చి గచ్చు దాటి బయటికి వచ్చాడు.

మెట్ల దగ్గర జనం పక్కకి తప్పుకున్నారు. ఆ గుమ్మంలోంచి మొహం ముందు పెట్టుకుని బయటికొచ్చిన మనిషిని వాళ్ళు ఇంతవరకూ చూడలేదు. అతని భార్య చూసింది. పొద్దున్నుంచీ వీపులు చూసి చూసి అలసిన కళ్ళు కదా, ఆ మొహం మీదే ఆగిపోయాయి. అడగాల్సిన పని లేకపోయింది.

"అయితే నన్నెవరూ పిలవరన్నమాట," అంది.

"పిలవరు."

"నువ్వు ఒప్పుకుని ఉంటే పిలిచేవాళ్ళా?"

"రేపే పిలిచేవాళ్ళు."

ఆమెకి ఏడుపొచ్చింది, ఏడ్చింది. పైట కొంగుతో మొహం తుడుచుకుని, అతని మోచెయ్యి పట్టుకుంది. "పద. ఎండ ముదిరితే నీ కాలు ఇంకా లాగుతుంది," అంది. అతను ఆమె వైపు చూశాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆ మొహాన్ని తల దించుకోకుండా చూశాడు. కోపం ఉందేమోనని వెతికాడు. ఉంది, కాస్త. కాని ఆమె చెయ్యి వదల్లేదు.

ఇద్దరూ రెండు మెట్లు దిగారో లేదో వెనక అలికిడయింది. భటులే అనుకుని బంటు ఆమెని తన చాటుకి లాక్కుని, వెనక్కి తిరిగాడు.

భటులు కాదు. తాపీమేస్త్రి. చేతిలో తాపీతో చావడిలోంచి బయటికి వస్తున్నాడు. మొహం ముందు పెట్టుకుని వస్తున్నాడు. ఎక్కడికి వెళుతున్నాడో అతనికీ తెలిసినట్టు లేదు. లోపల మంత్రి అతన్ని పేరుపెట్టి పిలుస్తున్నాడు, పలక పాతమని, ముందు పాతమని. అతను మెట్లు దిగుతూనే ఉన్నాడు. అతని వెనకాల గుమ్మంలో గచ్చు, పలక లేకుండానే, బిగుసుకోవడం మొదలుపెట్టింది.