మూడేళ్ళ తేడా

పరాంకుశం మాస్టారిని ఏదడిగినా సూటిగా సమాధానం చెప్పిన పాపాన పోలేదు. నలభై ఏళ్ళు ప్లాస్టిక్ సర్జరీ చేసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడో వచ్చిన రోగి సంగతి ఎత్తుకుంటారు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న మాకు ఒళ్ళు మండేది. ఆ రోజు మా బ్యాచ్ హైమ అడిగినది నిజానికి సబబైన ప్రశ్నే.

"చెవులు శుభ్రంగా వినిపిస్తున్నాయి సార్. చాటల్లా ఉన్నాయని కోసి కుట్టడం కూడా వైద్యమేనా?"

మాస్టారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

ఒకసారి ఆయన దగ్గరికి తల్లీకూతుళ్ళు వచ్చారట. కూతురివి చాట చెవులు. కేసు షీటులో రాయడానికి పేరడిగితే "అలివేలు" అంది తల్లి. వయసు అడిగితే తల్లి ముప్పయ్యారంది, కూతురు ముప్పై మూడంది. "దానికేం తెలుసు బాబూ, కన్నదాన్ని నేను," అని తల్లి నవ్వేసింది. అంత వయసొచ్చినా ఆ పిల్లకి చెవులు కుట్టించలేదు. అదేమిటమ్మా అంటే, "ఒకసారి కుట్టించాగా, పూడుకుపోయాయి," అందట.

తల్లి బయటికి వెళ్ళాక కూతురు అసలు సంగతి చెప్పింది.

"చెవులు కుట్టించింది మా అక్కకి సార్. రెండేళ్ళకే పోయింది. దానివీ ఇవే చెవులు. నేను పుట్టగానే మా అమ్మ వీటిని చూసి, 'మళ్ళీ వచ్చేశావా తల్లీ' అందట. దాని పేరే పెట్టింది. దాని పుట్టినరోజే నాకు చేస్తుంది. అక్క పోయినరోజున మా ఇంట్లో ఎవరూ ఏడవరు. నేను పుట్టినరోజు ఎవరికీ గుర్తుండదు. ఒక్కసారి మా అమ్మ నన్ను చూడాలి సార్, అంతే."

మాస్టారు ఆపరేషన్ చేశారు. వారం తర్వాత, మిట్టమధ్యాహ్నం, తల్లి ఎదుటే కట్టు విప్పారు. చెవులు తలకి ఆనుకుని చక్కగా అమరాయి. తల్లి ఆ పిల్లని ఎగాదిగా చూసింది. మంచం కిందకి చూసింది.

"మా అమ్మాయేదమ్మా?"

"నేనేనమ్మా."

"బాగున్నావు తల్లీ. నీ పేరేంటి?"

ముప్పై మూడేళ్ళలో తల్లి నోట ఆ ప్రశ్న వినడం ఆమెకి అదే మొదలు. పేరు చెప్పబోయి ఆగిపోయింది. తల్లి కంగారుగా వాకిలి వైపు తిరిగి, "అలివేలూ!" అని పిలిచింది. అలవాటుకొద్దీ పలకబోయి, కూతురు చేత్తో నోరు మూసుకుంది.

అయినా వరండాలోంచి "ఊఁ" అని వినిపించింది. చిన్నపిల్ల గొంతు. నర్సు చేతిలో ట్రే జారిపోయింది. మాస్టారు వెళ్ళి చూస్తే వరండాలో నరపురుగు లేదు.

తల్లి మొహం విప్పారింది. గబగబా వాకిట్లోకి వెళ్ళి, వంగి, చూపుడువేలు కిందకి చాచింది. బుడిబుడి అడుగులు వేసే పిల్లని నడిపిస్తున్నట్టు, ఆగి ఆగి నాలుగడుగులు వేసింది. అంతలో ఏం తోచిందో వెనక్కి తిరిగి, రెండో చెయ్యి చాచింది.

"నువ్వూ రామ్మా. బయట ఎండగా ఉంది, నా కొంగు నీడన నడుద్దువుగాని."

కూతురు భోరున ఏడుస్తూ వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

మాస్టారు అక్కడితో ఆపారు. హైమ తానడిగిన ప్రశ్నే మరిచిపోయింది.

"ఇంతకీ ఏం పేరు చెప్పింది సార్ ఆవిడ?"

మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు.

"అడగాల్సినవాళ్ళు అడిగారు. మనకెందుకమ్మా?"