అయిదో బటన్

మ్వాలిము రిస్పాకి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగిస్తుంది. మ్వాలిము అంటే వాళ్ళ భాషలో బడిపంతులు. ఆడైనా మగైనా అదే మాట. ప్రోగ్రాములో లూప్ అంటే ఏమిటని ఒక కుర్రాడు అడిగితే చేట చేతికిచ్చి, "రాళ్ళు రావడం ఆగేదాకా చెరుగు" అందట. వాడికి లూప్ అర్థమైంది, ఆవిడకి ఆ పూట బియ్యం బాగయ్యాయి. ఈ సంగతి అక్కడందరూ నవ్వుతూ చెప్పుకుంటారు. నా చేతికి ఏ చేట ఇచ్చిందో మాత్రం నేను నవ్వుతూ చెప్పలేను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కెన్యాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున, జాలర్ల ఊరు. ఒకప్పుడు చేపలు నిలవచేసిన గిడ్డంగిలో ఆవిడ కంప్యూటర్ బడి నడుపుతుంది. నేను అక్కడికి కోడింగ్ నేర్పడానికి వెళ్ళాను. నాది కాలేజీ చదువు కాదు. అద్దం పగిలిన ఫోనులో వీడియోలు చూసి, తప్పులు చేసి, నన్ను నేనే తిట్టుకుని నేర్చుకున్న విద్య. అందుకే ఆ పిల్లలతో నాకు తొందరగా కుదిరింది. కంప్యూటర్లు ఇచ్చింది సముద్రాల అవతలి కంపెనీ ఒకటి. నన్ను పంపిందీ అదే. ఊరికే ఇవ్వలేదు. పొద్దుటిపూట పిల్లలు ఆ కంపెనీ పంపే ఫొటోలు చూసి, అందులో కనబడిన ప్రతిదాని చుట్టూ గీత గీసి, అదేమిటో బటన్ నొక్కి చెప్పాలి. బటన్లు నాలుగే: మనిషి, బండి, రోడ్డు, చెత్త. అలా లెక్కలేనన్ని ఫొటోలకి పేర్లు పెడితే యంత్రానికి లోకాన్ని గుర్తుపట్టడం వస్తుంది. ఈ పని తప్పుల్లేకుండా చేసినవాళ్ళకే మధ్యాహ్నం కోడింగ్ క్లాసు. గోడమీద ఏమో నిలువెత్తు అక్షరాలతో, 'ఆఫ్రికా యువతకు రేపటి విద్య'. గోడలోపల పిల్లలు కళ్ళు కాయలు కాసేలా గీతలు గీస్తుంటారు. రేపటి విద్య ఎప్పుడూ రేపటికే.

అజ్వాంగ్ అనే పిల్ల అందరికంటే చురుకు. క్లాసు అయిపోయినా నన్ను వదిలేది కాదు. గుమ్మం దాకా వెంటబడి, "ఇది ఇలాగే ఎందుకు రాయాలి, అలా రాస్తే ఏమవుతుంది" అని ప్రాణం తీసేది. అలాంటిది, ఉన్నట్టుండి ఆ పిల్ల మార్కులు పడిపోయాయి. వరసగా కొన్ని ఫొటోలకి గీతే గీయకుండా వదిలేసింది. ఇసకమీద తెల్లగా, సన్నగా ఏవో పరిచి ఉన్న ఫొటోలు. కంపెనీ నియమం స్పష్టంగానే ఉంది: నేలమీద చిందరవందరగా పడి ఉన్న చిన్న వస్తువులన్నీ చెత్త. సాయంత్రం లోపల సరిచేయకపోతే కోడింగ్ క్లాసులోంచి పేరు తీసేస్తామని మెసేజ్ వచ్చింది.

"నొక్కెయ్యవే తల్లీ" అన్నాను.

"అవి చేపలు అక్కా. ఎండబెట్టిన ఒమెనా. మా అమ్మ చీపురు పట్టుకుని పొద్దస్తమానం తిరగేస్తూ ఉంటుంది. పొద్దున్న దాన్ని చెత్త అని నొక్కి, రాత్రి ఇంటికెళ్ళి అదే తినమంటావా?"

పక్క కుర్చీలోంచి ఓడెరో అనే కుర్రాడు కిసుక్కుమన్నాడు. "నొక్కేసి తినవే! బటన్ నొక్కితే పులుసు చెడిపోదులే."

"నీకు చెడిపోదు. నీకు రుచీ పచీ ఉంటే కదా!"

అందరూ గొల్లుమన్నారు. అజ్వాంగ్ కూడా నవ్వింది గాని, చెయ్యి మాత్రం మౌసు మీద పెట్టలేదు. నాకు ఆ పిల్ల మీద ముద్దూ కోపమూ కలిసి వచ్చాయి. ఇంత తెలివి ఒక్క బటన్ దగ్గర మట్టిపాలైపోతోందే అని మ్వాలిము దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ వసారాలో కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది.

"మ్వాలిము, మీరైనా చెప్పండి. ముందు వాళ్ళు చెప్పినట్టు చేసి విద్య సంపాదించుకోవాలి. తర్వాత మార్చాల్సినవి మార్చుకోవచ్చు. ఇందులో తప్పేముంది?"

ఆవిడ తలెత్తకుండానే అడిగింది. "ఆ ఫొటో చూశావా?"

"చూశాను. అన్నిటికీ ఎర్ర గుర్తే."

"అది మార్కు. నేనడిగింది ఫొటో."

ఒళ్ళోని పొట్టు దులుపుకుని లేచింది. నన్ను అజ్వాంగ్ కుర్చీలో కూర్చోబెట్టి, ఫొటో తెరనిండా పెద్దది చేయించింది. ఇసక. ఇసకమీద వెండి పొట్టు ఆరబోసినట్టు చేపలు. ఓ మూల నడుం వంచి తిరగేస్తున్న ఆడవాళ్ళు. మోకాళ్ళ దాకా ఎగదోపిన చీరలు. తాటాకు గంప, దాని పక్కన చుట్టకుదురు. వెనక ఒక పడవ ముక్కు, దానిమీద నీలిరంగు అక్షరాలు. సగం ఫొటో అంచులో తెగిపోయాయి. మిగిలిన సగం నేను చదవగలను. 'గంగమ్మ త' అని ఉంది.

అది వాళ్ళ సరస్సు కాదు. మా సముద్రం. ఆ ఒడ్డు ఉప్పాడైనా కావచ్చు, మరోటైనా కావచ్చు. ఆ చేపలు మాత్రం మా నెత్తళ్ళు. మా అమ్మ వాటినే గంపకెత్తి సంతకి పోయేది. "కంపు! దించవమ్మా గంప!" అని బస్సులోంచి కండక్టరు అరిస్తే, గంప దించకుండా తనే దిగి, నడిచి వెళ్ళేది. ఆ గంపతోనే నాకు ఫోను వచ్చింది, ఫోనుతో విద్య వచ్చింది, విద్యతో విమానమెక్కి ఇంత దూరం వచ్చి, నొక్కెయ్యవే తల్లీ అని చెబుతున్నాను. రేపు ఆ యంత్రం ఏ ఒడ్డుకి వెళ్ళినా, మా అమ్మ ఆరబోసిన బతుకు చూసి చెత్తకుప్ప అని చెబుతుంది. ఊడ్చేయడానికి ఎవరినో పంపుతుంది. దానికి ఆ మాట నేర్పింది ఎవరయ్యా అంటే మేమే.

"వీళ్ళెవరో నీకు తెలుసా?" అని అజ్వాంగ్‌ని అడిగాను.

"వాళ్ళెవరో నాకేం తెలుసు అక్కా? చేపలు తెలుసు."

మ్వాలిము మౌసు నా చేతికి జరిపింది. "నువ్వు విద్య సంపాదించుకున్నావు కదా, రత్నా. నువ్వన్న ఆ 'తర్వాత' నీకు వచ్చేసింది. మార్చు."

"నాకు అధికారం లేదు మ్వాలిము."

"అధికారం సంగతి అడగలేదు. చేతనవునా, కాదా?"

చేతనవును. ఆ బటన్ల పేర్లు మా గదిలో ఉన్న సర్వర్లోనే, చిన్న ఫైలులో ఉంటాయి. నేనే ఎక్కించాను. నాలుగు మాటల ఫైలది. దానికి తాళం కూడా లేదు. ఎవరైనా అయిదో మాట చేరుస్తారని వాళ్ళకి తోచనే లేదు! ఫైలు తెరిచి 'ఆహారం' అని చేర్చాను. తెరమీద అయిదో బటన్ వచ్చింది. అజ్వాంగ్ నా భుజం మీదుగా వంగి, వదిలేసిన ఫొటోలన్నిటికీ ఒక్కొక్కటిగా గీతలు గీసి, ఆ బటన్ నొక్కుతూ పోయింది. ఓడెరో కూడా తన పాత ఫొటోల్లో వెతుక్కోవడం మొదలెట్టాడు.

మధ్యాహ్నం క్లాసు మొదలయ్యే వేళకే కంపెనీ కోఆర్డినేటర్ ఫోను. గదిలో అందరికీ వినబడేలా పెట్టాను. గొంతు మర్యాదగానే ఉంది.

"మీ సెంటర్ పనంతా తిరగ్గొట్టాల్సి వచ్చింది. ఎవరో స్టూడెంట్ బటన్లు కెలికారు. పేరు చెప్పండి, తీసేద్దాం."

"స్టూడెంట్ కాదండీ. నేను."

"మీరా? ఎందుకు?"

"అది చెత్త కాదు కనక."

"అది మీరెలా చెప్పగలరు? మా నిపుణులు చూసి పెట్టిన పేర్లు అవి."

"నేను తిని పెరిగానండీ అవి. మీ నిపుణులు వాసనైనా చూశారా?"

 అదే మర్యాదతో, "ఈ రాత్రికి పాత బటన్లు ఎలా ఉన్నవి అలా పెట్టేయండి. లేదంటే రేపటినుంచి మీరు రానక్కర్లేదు. ఫొటోలు వదిలేసిన ఆ అమ్మాయి కూడా" అన్నాడు.

"పెట్టను" అన్నాను. ఇంకా చాలా అనాలనుంది. అతను ఫోను పెట్టేశాడు.

గదిలో ఎవరూ కీబోర్డు ముట్టుకోవడం లేదు. అజ్వాంగ్ సంచీ భుజానికి తగిలించుకుని నిలబడింది. క్లాసు లేనివాళ్ళు ఆ వేళకి ఇంటికి వెళ్ళిపోవాలి, అది కూడా కంపెనీ నియమమే. గుమ్మం వైపు ఒక అడుగు వేసి, తెరమీద తెరిచి ఉన్న ఆ అయిదు మాటల ఫైలు వైపు తిరిగి చూసింది.

"ఇందులో తప్పేముందని నేను అడిగినదానికి మీరు జవాబు చెప్పలేదు మ్వాలిము" అన్నాను. ఎవరిమీదో ఒకరిమీద విరుచుకుపడాలి కదా.

ఆవిడ నన్ను చూడలేదు. ఓ కుర్చీ ఈడ్చుకొచ్చి నా కుర్చీకి ఆనించి వేసింది.

"సంచీ దించి కూర్చో, అజ్వాంగ్. రేపు ఈవిడ ఉండదట. ఇవాళ ఉంది."