నోటినిండా నీళ్లు

సుధన్వ మూడు నెలలు కంటి మీద కునుకు లేకుండా ఆశ్రమానికి వెబ్‌సైట్ తయారుచేశాడు. గురుపూర్ణిమ నాడు దాన్ని భక్తులందరికీ పంపేయాలని అతని ఆరాటం. గురువుగారు బోధస్వామి సరే అంటే చాలు. ఆయన మాత్రం ఫోనులో దాన్ని పైకీ కిందికీ తిప్పి, "ఇందులో భోజనం ఎక్కడుంది నాయనా?" అన్నారు.

సుధన్వ మనసు చివుక్కుమంది. హైదరాబాదులో పదేళ్లు పెద్ద పెద్ద కంపెనీలకు ఈ పనే చేసి, అన్నీ వదులుకుని గుండ్లకమ్మ ఒడ్డుకు వచ్చినవాడు. అన్నీ అంటే, ఆ గొప్ప ఒక్కటీ తప్ప.

"'అమృతధార' అని ఉంది కదా స్వామీ, అదే. గదులకు 'విశ్రాంతి తీరం'. ఫోన్ నంబరు 'నాదబిందువు'లో ఉంటుంది. ఉత్తినే భోజనం, గది అని రాస్తే మనకూ బస్టాండు హోటలుకూ తేడా ఏముంది? పేరు చదవగానే చేతులెత్తి మొక్కాలి."

"మొక్కుతారంటావా?"

"ఎవరికైనా చూపించి చూడండి."

బోధస్వామి లేచి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చారు. "నోటినిండా పట్టు. మింగకూడదు, ఉమ్మకూడదు, చెయ్యి ఊపకూడదు."

ఇదేదో కొత్త సాధన అనుకున్నాడు సుధన్వ. ఉత్సాహంగా బుగ్గలు పూరించాడు.

ఇద్దరూ వెళ్లి గేటు పక్క అరుగు మీద కూర్చున్నారు. పన్నెండున్నర అయింది. ఒంటిగంటకు భోజనాల హాలు మూసేస్తారు. స్వామి మామూలు పంచె కట్టి భుజాన తువ్వాలు వేసుకున్నారంతే కాబట్టి ఆయన్నెవరూ పోల్చుకోలేదు.

రిటైరైన హెడ్మాస్టరు పానకాలరావుగారు ముందుగా బస్సు దిగారు. స్వామి ఫోను చేతికిచ్చి, "ఇక్కడ భోజనం ఎన్నింటికో ఇందులో ఉందట, కాస్త చూసిపెడతారా?" అన్నారు.

"అబ్బో, ఏం పేర్లండీ! ఎంత పెద్ద సంస్థో!" హెడ్మాస్టరుగారు ఒక్కొక్క పేరూ రాగం తీసి చదివారు. సుధన్వ ఛాతీ ఉప్పొంగింది. తరువాత ఆయన 'విశ్రాంతి తీరం' దగ్గర ఆగి, "ఇది శ్మశానమా?" అన్నారు. ఇంకో నాలుగు నొక్కి, గొంతు తగ్గించి, "ఇంతకీ ఇక్కడ మనలాంటివాళ్లను లోపలికి రానిస్తారా?" అని అడిగారు. స్వామి నవ్వి ఆయన్ను భోజనాలకు పంపించారు.

తరువాత ఓబులమ్మ వచ్చింది. పక్క మండలం నుంచి పొద్దున్నే నడక మొదలుపెట్టిందట, ముఖం వాడిపోయి ఉంది. స్వామి ఆమెనూ అదే అడిగారు. ఐదో తరగతి చదివానంటూ ఫోను అందుకుని, వేలితో ఒక్కో అక్షరం పట్టుకుంది.

"అమృతధార. మా ఊళ్లో నీళ్ల ప్లాంటుకు గూడా ఇదే పేరు సామీ. మరి ఈ నాదబిందువు ఏంది, భజనా?"

సుధన్వ కళ్లు పెద్దవి చేశాడు. లోపలినుంచి సాంబారు వాసన వస్తోంది. ఒంటిగంటకు అయిదు నిమిషాలుంది. స్వామి వేలు చూపించి అతన్ని కదలనివ్వలేదు.

ఓబులమ్మ ఫోను తిరిగిచ్చేసింది. "ఈడ కూడు పెడతారంటే వచ్చా. ఇదేందో పెద్దోళ్ల చోటులాగుంది. నేను పోతా సామీ."

కొంగు తలమీదికి లాక్కుని ఆమె నిజంగానే బస్సులాగే రోడ్డు వైపు నడిచింది. స్వామి పిలవలేదు. సుధన్వ ఆయన్ను చూశాడు, ఆమెను చూశాడు. నోట్లో నీళ్లు ఫౌంటెన్‌లా ఎగజిమ్మి, చెప్పులు కూడా లేకుండా ఎర్రటెండలో పరిగెత్తాడు.

"అమ్మా! ఓ అమ్మా! భోజనం! ఇక్కడే, లోపలే! అందరికీ పెడతారు, రామ్మా!"

ఆమెను వెంటబెట్టుకొచ్చి, తనే విస్తరి వేసి వడ్డించాడు. ఆమె రెండోసారి అన్నం పెట్టించుకునేదాకా అతని మనసు స్థిమితపడలేదు.

స్వామి పక్కకు వచ్చి, "ఇందాక ఏమని అరిచావు?" అన్నారు.

"భోజనం అని."

"అదే రాయి."

సాయంత్రానికి పేర్లన్నీ మారిపోయాయి. ఒక్కదాని దగ్గర మాత్రం సుధన్వ చెయ్యి ఆగిపోయింది. అన్నిటికంటే పైన, బంగారు రంగులో ఉన్న 'సద్గురు జ్యోతి' అది. నొక్కితే స్వామి ఫొటో, జీవితచరిత్ర వస్తాయి.

"దీనికేం పేరు పెట్టమంటారు స్వామీ?"

"మధ్యాహ్నం వచ్చిన ఇద్దరిలో ఎవరైనా దానికోసం వెతికారా?"

సుధన్వ నసిగాడు. "లేదు స్వామీ."

"అయితే అక్కడ బస్సుల టైములు పెట్టు."