పసిడిరెక్క కోసం పీకిన తీగలు

“ఈశ్వరి తీగల జోలికి ఎవరూ రారు. ఇది నా మాట!”

అనగనగా ఒక కొండ అడవిలో, ఏనుగు పెద్దయ్య అందరి ముందూ తొండమెత్తి అన్న మాట ఇది. అన్నది పసిడిరెక్క అనే సీతాకోకచిలుకతో. ఆ జాతి గొంగళిపురుగులు ఈశ్వరి ఆకు తప్ప మరేదీ తినవు. ఆ మాట నమ్మి పసిడిరెక్క తీగల మీద గుడ్లు పెట్టి, నిశ్చింతగా కన్నుమూసింది.

వానలు వెనకపట్టాయి. పొరుగు అడవి నుంచి చుట్టాలు వస్తున్నారని కబురొచ్చింది.

“మన పసిడిరెక్క జాతిని చూపించకపోతే పరువేముంది? అది పోయినా దాని పిల్లలుంటాయిగా, వెతకండి!” అన్నాడు పెద్దయ్య.

“అరుదైన ప్రాణిని కాపాడుకుందాం!” అని అరుస్తూ అందరూ బయలుదేరారు. నినాదం బాగానే ఉంది. నడిచే కాళ్లే కిందికి చూడలేదు.

తీగల మీద కాపురముండే నత్త మొదట ఎలుగుబంటికి అడ్డొచ్చింది.

“బావా, ఆగు! ఒక్క పురుగే బతికి గూడు కట్టుకుంది. ఎండుటాకులా వేలాడుతోంది. కొన్నాళ్లు ఓపిక పడితే రెక్కలతో అదే బయటికొస్తుంది.”

“ఎండుటాకు చూపించి చుట్టాల్ని నవ్వించమంటావా?” అని ఎలుగుబంటి తీగలు తెంపింది.

“మామా, నువ్వైనా ఆగు!” అంది నత్త అడవిపందితో.

“నువ్వు పక్కకి జరిగేలోగా మేం కొండ ఎక్కి దిగొస్తాం, పోవే నత్తమ్మా!” అని పంది వేళ్లు పెళ్లగించింది.

చివరికి పెద్దయ్యే వచ్చాడు.

“పెద్దయ్యా, ఆ గూడు...”

“తీగలు అడ్డముంటే ఎలా కనిపిస్తుందమ్మా? దాని కోసమేగా ఈ తంటా!” అని మిగిలిన తీగను లాగేశాడు.

ఎండుటాకు లాంటిదేదో రాలింది. ఆయన కాలి కింద పుటుక్కుమంది. కాలు తీస్తే, ఇంకా మడత విప్పని రెక్క. తడిగా, పసుపుగా.



“మంచికే వెతికాం కదా,” అన్నాడు పెద్దయ్య మెల్లగా.

“వెతికారు. ఆగమంటే మాత్రం ఆగలేదు.” నత్త చాలాసేపు ఏడ్చింది. తర్వాత తలెత్తింది. “వాగు అవతల ఇంకో తీగ ఉంది. దాని మీద గుడ్లున్నాయో లేదో నాకు తెలియదు. అటు అడుగు పెడతారా, పెట్టరా? కార్తీక పౌర్ణమిలోగా జవాబు చెప్పండి. అటు రాబోమని మాట ఇవ్వకపోతే ఆ దారి నిండా మా నత్తలమంతా పడుకుంటాం. తొక్కుకుంటూ వెళ్దురుగాని.”

నీతి: కాపాడతామని అరిచేవారు, ఆగమన్న గొంతు ఎంత చిన్నదైనా ముందు ఆగి వినాలి. తొక్కేశాక పడే బాధతో ఏ రెక్కా విచ్చుకోదు.